దారిలో ఒక కాఫీ



ప్రయాణం అనగానే మన ఇళ్లలో ముందు చిత్రాన్నం మూట కడతాం, తర్వాత నీళ్ల సీసా సర్దుతాం. ఆ నీళ్లు పిల్లలు తాగుతారు, మగవాళ్లు తాగుతారు. మనం మాత్రం తాగం. పగిడ్యాలలో బస్సెక్కి, నందికొట్కూరులో మారి, ఆత్మకూరు, వెలుగోడు మీదుగా నంద్యాల చేరేదాకా గొంతు ఎండినా ఓర్చుకుంటాం. కాఫీ హోటలు దగ్గర బస్సు ఆగితే ఆయన దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, "నీకూ ఒకటి పట్టుకు రానా?" అంటారు. "నాకొద్దులెండి" అంటాం. తాగితే ఆ తర్వాత ఎక్కడికి పోవాలన్నదే మన బెంగ. కాబట్టి దారిలోని కాఫీ హోటళ్ల గురించి మాట్లాడుతూ ఈ సంగతి దాచిపెట్టడం నా వల్ల కాదు.

మన సీమలో దారి పక్క పలహారమంటే ఉగ్గాని, బజ్జి. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ఆ కారం మీద వేడి కాఫీ పడితే బస్సు కుదుపులన్నీ మరిచిపోతాం. ఇడ్లీ, దోసె ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఉగ్గాని తినాలంటే ఇటు రావలసిందే. కాఫీకి మాత్రం నేనొక గుర్తు చూస్తాను. హోటల్లో ఫిల్టరు కనబడాలి. పొద్దున దింపిన డికాక్షన్‌ను సాయంత్రం దాకా కాచే చోట టీ తాగడమే నయం. చికోరీ ఎక్కువైతే రంగు వస్తుంది గాని వాసన రాదు. అరకు కొండల్లో మన గిరిజనులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే, 2017లో, ఆ పేరుతో పారిస్ నగరంలో దుకాణం తెరిచారు. ఆత్మకూరు బస్టాండులో దొరుకుతుందేమో ఒకసారి అడిగి చూడండి!

పూర్వం కాఫీ హోటళ్లలో ఒక మూల తెర కట్టి 'స్త్రీలకు' అని బోర్డు పెట్టేవారు. కొన్ని హోటళ్లకు కులం పేరే బోర్డు మీద ఉండేది. అవి పోవడం మంచిదే. నలుగురి మధ్య కూర్చుని తాగడమే నాకిష్టం. కాని తెర కట్టినవాళ్లలోనూ, తీసినవాళ్లలోనూ ఎంతమందికి పెరట్లో ఆడవాళ్లకొక గది కట్టాలని తోచింది?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. మహానందికో, అహోబిలానికో తల్లీకూతుళ్లే బయలుదేరవచ్చు. ఆళ్లగడ్డలో దిగితే రోడ్డు పక్కనే ఉలి చప్పుడు వినబడుతుంది. రాతిలోంచి దేవుడి ముఖం తేలుతుంటే చూస్తూ కాఫీ తాగడం ఒక ముచ్చట. అహోబిలం బస్సు కోసం ఎలాగూ అక్కడ ఆగాలి కదా. అయితే కాఫీ చెప్పకముందే "బాత్‌రూము ఎక్కడ నాయనా?" అని గట్టిగా అడగండి. లేదంటే లేచి పక్క హోటలుకు నడవండి. నాలుగు కాఫీల బేరం పోతే యజమాని తప్పక ఆలోచిస్తాడు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా ఉండాలన్నది ఆయిలు కంపెనీల నియమమే. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, సిగ్గెందుకు?

ఆత్మకూరు నుంచి దోర్నాల దారి పడితే మాత్రం అన్నీ ముందే చూసుకోవాలి. అది పులులున్న నల్లమల. రాత్రిపూట వాహనాలు వదలరు, పగలైనా బైర్లూటి దాటాక అడవిలో దిగే వీలుండదు.

ఉగాదికి ముందు కన్నడ భక్తులు ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి కాలినడకన పోతారు. వాళ్లకోసం ఊరూరా పందిళ్లు వేసి, పైసా అడక్కుండా మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు. ఆ నడిచేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. పందిళ్లు వేసే పెద్దలకు మన ఇళ్లలోంచే ఒక మాట వెళ్లాలి. ఈసారి పందిరి వెనక నాలుగు తడికెలు కట్టించి, ఒక నీళ్ల తొట్టి పెట్టించమనండి. తడికెలకు పెద్ద ఖర్చేమీ కాదు.