నారదుని ప్రశ్నయు, నూటికి మూడు రూపాయలును



అర్థశాస్త్రము పండితుల సొత్తనియు, పల్లెవారికి దానితో పనిలేదనియు ఒక అపోహ కలదు. భారతమున సభాపర్వము తెరచినచో అది నిలువదు. మయసభలో కొలువుదీరిన ధర్మరాజును నారదుడు రాజ్యవ్యవహారముల గూర్చి వరుసగా ప్రశ్నించెను. నన్నయభట్టారకుని తెలుగున అందొక ప్రశ్న యిది: పేద కర్షకులకు ధాన్యమును, విత్తనములను, వర్తకులకు నూటికొకటి వడ్డీతో ఋణములను ఇచ్చుచున్నావా? ఆ వడ్డీ నెలకా, యేటికా యని పద్యము చెప్పదు. లెక్కలు వ్రాయువాడు మొదట అడుగునది అదియే!

నారదుడు అడిగినది రాజును. అప్పుపడిన కర్షకునే అడుగుటకు ఆధునిక పండితులు పల్లెలకు రావలసివచ్చెను. హైదరాబాదు రాజ్యమున 1929-30లో కేశవయ్యంగారు గ్రామముల ఆర్థికస్థితిని పరిశోధించిరి. పిమ్మట రిజర్వు బ్యాంకు 1951-52లో దేశమందలి 75 జిల్లాలలో, 600 గ్రామములలో పరపతి పరిశీలన జరిపించెను. గోర్వాలా అధ్యక్షుడు, గాడ్గిల్, వెంకటప్పయ్య, ఎన్.ఎస్.ఆర్. శాస్త్రి సభ్యులు. అప్పు ఎవరియొద్ద తెచ్చితిరి, దేనికై తెచ్చితిరి యని లక్షకు పైబడిన కుటుంబములను అడిగించిరి.

వచ్చిన ఉత్తరము పండితులనే దిగ్భ్రాంతుల జేసెను. కర్షకుడు తెచ్చిన నూరు రూపాయలలో వడ్డీవ్యాపారులిచ్చినవి సుమారు డెబ్బది. అర్ధశతాబ్దముగా నడచుచున్న సహకార సంఘములిచ్చినవి మూడు, ప్రభుత్వమిచ్చినవియు మూడే.

కారణము పల్లెలో ఎరుగనివారు లేరు. తొలకరి పడిననాడే విత్తనములు కావలెను. సంఘము భూమిని తాకట్టు అడుగును; కౌలుదారు ఎచ్చటనుండి తెచ్చును? సావుకారు కాగితమడుగక నాగు కొలిచి యిచ్చును. కోతలనాడు కల్లములోనే ఒకటికి ఒకటిన్నర కొలుచుకొనును. మిగిలిన ధాన్యమునకు ధర నిర్ణయించువాడును అతడే.

భూమిని గాక పండబోవు పంటను చూచి అప్పు ఇయ్యవలెననియు, అప్పును పంట అమ్మకముతో ముడిపెట్టవలెననియు ఆ సంఘము 1954లో సలహా నిచ్చెను. నివేదిక ఆంగ్లమున నుండెను. ఉత్తరములిచ్చినవారిలో దానిని చదువగలిగినవారెందరు?

అయినను ఆ త్రోవ హసన్‌పర్తికి దూరము కాలేదు. ఎల్కతుర్తి దాటిన పిమ్మట వచ్చు ముల్కనూరులో, 1956లో, అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గ్రామస్థులతో కూడి సహకార గ్రామీణ బ్యాంకును స్థాపించిరి. నాడది కరీంనగరు జిల్లా, నేడు హనుమకొండ జిల్లా. అప్పు, ఎరువు, విత్తనము, పంట అమ్మకము అన్నియు ఆ సంఘమే చూచును. అప్పు తీసికొనువాడే అందు సభ్యుడు. సర్వసభ్య సమావేశమున లెక్కలు చదివించుకొని వినుట, వడ్డీ యెంత, యేల యని నిలిచి యడుగుట అతని హక్కు.