మన్యం పక్కనే పెరిగిన మనం

1862 సెప్టెంబరు 21న గురజాడ అప్పారావు గారు పుట్టిన ఎస్. రాయవరంలో, ఆయన పేరిట మాట్లాడుతున్నాను. కన్యాశుల్కం గురించీ, ముత్యాల సరాల గురించీ, వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరు గురించీ ఈ ఊరివారికి కొత్తగా చెప్పవలసింది లేదు. నేను 'లవణరాజు కల' ఒక్కదాని దగ్గర ఆగుతాను, అదీ ఒక పాత తగువు కోసం. 1911 నాటి ఆ కవితను ప్రేమ కులాన్ని కరిగించిన కథగా చదవడం మనకు అలవాటైంది. దాని మూలం యోగవాసిష్ఠంలో ఉంది. అక్కడ లవణుడు సింహాసనం మీద కూర్చునే చండాలవాడతో పరిచయం పెంచుకోడు. భ్రాంతిలో రాచరికమంతా పోగొట్టుకుని, ఏళ్ల తరబడి ఆ వాడలో ఒకడిగా బతుకుతాడు. దొరతనం పోయాకే ఎదుటి మనిషి అతనికి మనిషిగా కనిపించాడు. ఇన్ని పురాణకథలుండగా గురజాడ ఈ కథనే ఎత్తుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. మనుషులు దగ్గరగా మసిలితే చాలు, ద్వేషం దానంతటదే పోతుందంటారు చూడండి, ఆ మాటతోనే నా తగువు.

ఆ తగువులోకి వెళ్లే ముందు ఒక మాట: జాతి వివక్ష తెల్లవాళ్ల జబ్బనీ మనది కులం గొడవనీ వేరు చేసేవారున్నారు. 2001లో దర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సభలో మన ప్రభుత్వం వాదించిందీ అదే. మరుసటి ఏడాదే ఆ సమితికి చెందిన జాతి వివక్ష నిర్మూలన సంఘం, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా చేరుతుందని తేల్చింది. దీని మీద ఎక్కువసేపు నిలవను. 2017 ఫిబ్రవరిలో అమెరికాలో, కేన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు తెలుగువాళ్లందరికీ జాతిద్వేషం అంటే ఏమిటో ఒక్క రోజులో అర్థమైంది. మన ఇంటి పక్క దాన్ని గుర్తుపట్టడానికి మాత్రం ఇంకా వ్యవధి అడుగుతున్నాం.

పరిచయం చాలునన్న వాదానికి మన ప్రాంతమే పెద్ద పరీక్ష. నర్సీపట్నం మన్యానికి గుమ్మం. చింతపల్లి, పాడేరు సంతల్లో చింతపండు, పసుపు, అడ్డాకులు కొనే మైదానం షావుకారుకు కొండమనిషితో తరతరాల పరిచయం ఉంది. అతని పేరు తెలుసు, ఊరు తెలుసు, అప్పెంతో మరీ బాగా తెలుసు. ఆ పరిచయం వల్ల గౌరవం పెరిగి ఉంటే, గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1917లో ఏజెన్సీ భూబదిలీ చట్టం తేవలసిన అవసరం ఉండేది కాదు, 1970లో 1/70 నిబంధనతో దాన్ని మళ్లీ బిగించవలసి వచ్చేదీ కాదు. బ్రిటిష్ కాలపు గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్‌కు కూడా మన్యం మనుషులు రోజూ కనబడేవారు. రోడ్డు పనికి చాలీచాలని కూలితో వారిని తోలింది ఆ పరిచయమే. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం పడడానికి వెనక ఉన్న కోపంలో ఆ రోడ్డు పని కూడా ఉంది. సముద్రం దాటి వెళ్లిన మనవాళ్ల కథా ఇంతే. రంగూను రేవులో మన కోస్తా కూలీలూ బర్మీయులూ ఒకే ఊళ్లో బతికారు. 1930 మేలో తెలుగు కూలీలు సమ్మె కడితే యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వారిని తీసేశారు. వెంటనే రేగిన అల్లర్లలో చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు. ఇరుగుపొరుగున ఉండడం అక్కడ పోటీకే పనికొచ్చింది, స్నేహానికి పనికిరాలేదు.

అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ సంగతి కనిపెట్టాడు. పరిచయం ద్వేషాన్ని తగ్గించాలంటే ఇరువురికీ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, అధికారుల మద్దతు కావాలన్నాడు. మనవాళ్లు అతని పేరు తలుస్తారు, షరతులను వదిలేస్తారు. దీనికి నాకు వినిపించే జవాబు ఒకటుంది: 2006లో పెట్టిగ్రూ, ట్రాప్ 515 అధ్యయనాలను క్రోడీకరించి, షరతులన్నీ లేకపోయినా పరిచయం కొంత పనిచేస్తుందని చూపారు కదా అని. చూపారు, కాదనను. అయితే ఆ మేలు పెత్తనం ఉన్న వర్గంలో కనిపించినంతగా చిన్నచూపుకు గురయ్యేవారిలో కనిపించదని అంతకు ముందు ఏడాది వాళ్లిద్దరే రాశారు. 2019లో పాలక్, గ్రీన్‌లు పరిచయంపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో గట్టి ప్రయోగాలను మాత్రమే ఏరితే 27 మిగిలాయి. పెద్దవాళ్ల జాతిద్వేషాన్ని పరీక్షించినది వాటిలో లేదు. మన దేశపు రుజువు ఇంకా స్పష్టం. ఉత్తరప్రదేశ్‌లో వందల మంది యువకులతో మ్యాట్ లో అనే ఆర్థికవేత్త క్రికెట్ పోటీలు ఆడించి 2021లో ఫలితాలు ప్రకటించాడు. వేరే కులంవారితో ఒకే జట్టులో ఆడినవారిలో కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడినవారిలో తగ్గాయి. మైదానం ఒకటే, ఆట ఒకటే. ఎవరి పక్కన నిలబెట్టారన్నదే తేడా.

ఇక వయసు మాట. పసిమనసులో ద్వేషం ఉండదన్న నమ్మకం అందంగా ఉంటుంది, కానీ నిజం కాదు. మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు మనస్తత్వవేత్తలైన కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు తెల్ల బొమ్మా నల్ల బొమ్మా పెడితే ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు నల్లజాతి పిల్లలకు వేరు బళ్లను కొట్టివేసిన తీర్పులో ఆ పనికీ చోటు దక్కింది. ద్వేషం ఐదు నుంచి ఏడేళ్ల మధ్య బాగా పెరిగి, ఎనిమిది పదేళ్ల నాటికి కొంత సడలుతుందనీ, ఆ తర్వాత ఎటు పోతుందన్నది చుట్టూ ఉన్న సమాజాన్ని బట్టి ఉంటుందనీ రాబే, బీల్‌మన్ 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. అంటే మూడు నుంచి ఐదో తరగతి దాకా మనకు దొరికే కాలం అమూల్యమైనది. ఆ కాలంలో మైదానం బళ్లో కొండల గురించి మన పిల్లలకు దొరికేది అరకు అందాలూ థింసా నాట్యమూ. ఆ నాట్యం చేసేవారు ఏ భాష మాట్లాడతారో కూడా చాలామందికి తెలియకుండానే బడి ముగుస్తుంది.

కొండబిడ్డకు మాత్రం పాఠాలకు కొదవలేదు. అతను తెలుగు నేర్వాలి, ఇంగ్లీషు నేర్వాలి, మన పండగలు, మన వేషం, మన మర్యాద నేర్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్య కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చింది. అది మంచి పని. అయితే ఆ వాచకాలూ కొండ బళ్ల కోసమే. చిన్నచూపు చూసేవాడు ఒకడు, దాన్ని పోగొట్టుకోవడానికి చదవవలసినవాడు ఇంకొకడు అయ్యాడు. గురజాడ సహాధ్యాయి గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడే మనకు దారి చూపారు. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవరలకు బళ్లు పెట్టారు, అంతకు ముందే తానే కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం వెనక ఒక మైదానం పండితుడు కొండమనిషి ముందు విద్యార్థిగా గడిపిన ఏళ్లున్నాయి. ఆయన బళ్లను మెచ్చుకున్నాం, ఆ విద్యార్థిత్వాన్ని అనుసరించలేదు.

కలిసి చదివిస్తే చాలదా అని మిత్రులు అడుగుతారు. గిరిజన, దళిత మేధావుల నుంచి వచ్చే జవాబు నాకు బలంగా కనిపిస్తుంది: కలిపిన బళ్లో అవమానాలు తినేది మా పిల్లలే, ఆశ్రమ పాఠశాలలో కనీసం తల ఎత్తుకుని పెరుగుతారు అని. అంటరానితనం మీద 565 గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. మూడో వంతుకు పైగా చోట్ల ప్రభుత్వ బళ్లలో దళిత పిల్లలను భోజనానికి విడిగా కూర్చోబెడుతున్నారని అందులో ఉంది. అందుకే నేను ఆశ్రమ పాఠశాలలు మూసేయమనను. కొండబిడ్డను మన బడికి రప్పించడం కన్నా ముందు మన బడిని మార్చాలంటాను. తెలుగూ ఇంగ్లీషూ సరిగా రాని మన పిల్లలకు కువి ఎందుకన్నది రెండో ఆక్షేపణ. పిల్లలు ఆ భాషలో పండితులు కావాలని నేను కోరడం లేదు. వారానికి ఒక గంట, ఒక కథ, కొన్ని మాటలు చాలు. చెప్పేది మాత్రం కొండ నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు కావాలి. మైదానం పిల్లల ముందు కొండమనిషి గురువుగా నిలబడిన రోజున ఆల్‌పోర్ట్ అడిగిన సమాన హోదా తరగతి గదిలోనే కుదురుతుంది. అది ఏ సంతలోనూ కుదరలేదు.

ఇప్పుడు నేను తయారుచేస్తున్నది అలాంటి వాచకమే, మూడు నుంచి ఐదో తరగతి వరకు, మైదానం బళ్ల కోసం. కథలు చెప్పేవారూ వాటిని సరిదిద్దేవారూ మన్యం ఉపాధ్యాయులే. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా చీలి మనం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు మన్యం అల్లూరి జిల్లాలోకి వెళ్లాక, ఇటు కార్యాలయాలకు అటువైపు బడి ఇక పరాయిది. కనుక ఈ పని పైనుంచి వస్తుందని ఎదురుచూడలేం. ఈ మండలంలోని ఉపాధ్యాయులను నేను కోరేది ఒక్కటే. వాచకం ముసాయిదా మీకు అందజేస్తాను. రాబోయే విద్యా సంవత్సరంలో ఒక్క బళ్లోనైనా, ఒక్క తరగతిలోనైనా, కొండ నుంచి ఒక ఉపాధ్యాయుణ్ణి పిలిచి చెప్పించండి. మొదటి బడి ఎస్. రాయవరంలోదే కావాలని నా కోరిక.