పసరు సంచిలో రాళ్లు: నొప్పి తగ్గిన రోజుల్లోనే ఆపరేషన్ సంగతి చూసుకోండి

(బాటసింగారం పండ్ల మార్కెట్‌లో పనిచేసేవారి కోసం చెప్పిన ఆరోగ్యశ్రీ అవగాహన ప్రసంగం. ఫోన్‌లో చదువుకోవడానికి, ఇంట్లోవాళ్లకు పంపడానికి వీలుగా రాసి ఇస్తున్నాం.)

 

ఈ పూట ఒక్క జబ్బు గురించే మాట్లాడుకుందాం. రాత్రి బండ్లు దిగేటప్పుడు ఆకలేసి మిర్చి బజ్జీలో బిర్యానీయో తింటారు. గంటా రెండు గంటలకు గుండెల కింద, కుడివైపు పక్కటెముకల కింద గట్టిగా పట్టేస్తది. నొప్పి వీపులోకి, కుడి భుజం రెక్క కిందికి పాకుతుంది. కూర్చుంటే బాగుండదు, పడుకుంటే బాగుండదు. వాంతి అయినా తేలిక కాదు. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగుతారు, గ్యాస్ గోళీ వేసుకుంటారు. రెండు మూడు గంటలకు నొప్పి పోతుంది. గోళీ పనిచేసింది అనుకుంటారు. నిజానికి చాలామందిలో అక్కడ జరిగింది వేరు.

మన కాలేయం పసరు తయారుచేస్తుంది. వాంతిలో పచ్చగా చేదుగా వస్తుందే, అదే. ఆ పసరును నిల్వ ఉంచే చిన్న సంచి కాలేయం కింద ఉంటుంది. డాక్టర్లు పిత్తాశయం అంటారు, స్కాన్ కాగితంలో గాల్‌బ్లాడర్ అని రాస్తారు. నూనె, నెయ్యి, మాంసం తిన్నప్పుడు ఈ సంచి ముడుచుకుని పసరును పేగులోకి పంపుతుంది. లోపల పసరు గట్టిపడి రాళ్లయి ఉంటే, ముడుచుకున్నప్పుడు ఒక రాయి సంచి మూతి దగ్గర ఇరుక్కుంటుంది. అదే నొప్పి. రాయి మళ్లీ వెనక్కి జారితే నొప్పి పోతుంది. రాయి మాత్రం పోదు. ఇంకోసారి ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఇది కిడ్నీలో రాయి కాదు. ఈ ముక్క ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, "రాయి" అన్న మాట వినగానే మనవాళ్లు కొండపిండి ఆకు తెచ్చి పప్పు వండుతారు, బార్లీ నీళ్లు కాస్తారు, ఉలవకట్టు తాగిస్తారు. కిడ్నీ రాయి మూత్రం దారిలో ఉంటుంది కాబట్టి చిన్నదైతే నీళ్లతోపాటు బయటకు కొట్టుకుపోవచ్చు. పసరు సంచి ఆ దారిలో లేదు. ఎన్ని బిందెల నీళ్లు తాగినా అక్కడికి చేరవు. ఫోన్‌లో ఇంకో వీడియో తిరుగుతుంటుంది: ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే తెల్లారి పచ్చటి రాళ్లు పడిపోతాయని. పడేవి నిజంగానే కనిపిస్తాయి. అవి ఆ నూనె పేగులో సబ్బులా గడ్డకట్టిన ఉండలు. స్కాన్‌లో రాళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

స్కాన్‌లో రాయి కనబడిన ప్రతివాళ్లూ ఆపరేషన్‌కు పరుగెత్తాల్సిన పని కూడా లేదు. వేరే పనికి స్కాన్ తీస్తే రాయి బయటపడింది, ఎప్పుడూ నొప్పి రాలేదు అనుకోండి, చాలామందికి ఏమీ చేయకుండా ఊరుకోవచ్చని డాక్టరే చెప్తారు. నొప్పి ఒకసారి మొదలైనవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. నలభై దాటిన ఆడవాళ్లు, ఎక్కువ కాన్పులైనవాళ్లు, బరువు ఎక్కువ ఉన్నవాళ్లు, తిండి మానేసి గబగబా బరువు తగ్గినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఈ రాళ్లు ఉన్నవాళ్లు కాస్త ముందే చూపించుకోవాలి. మగవాళ్లకు రాదని కాదు.

ఆపరేషన్ తేదీ దొరికేదాకా నెట్టుకురావడం ఎట్లా? నూనెలో వేగినవి, నెయ్యి, మటన్, కొబ్బరి పచ్చళ్లు తగ్గించండి. అన్నం, జొన్న రొట్టె, పలుచటి పప్పు, కూరగాయలు, మజ్జిగ తినండి. ఒక్కసారే కడుపు నిండా తినకుండా కొంచెం కొంచెం తినండి. ఉపవాసాలు పెట్టుకోకండి. తినకపోతే పసరు కదలక సంచిలోనే చిక్కబడుతుంది. దీనివల్ల నొప్పులు తగ్గొచ్చు కానీ రాయి కరగదు. మెడికల్ షాపులో అడిగి నొప్పి గోళీలు, ఇంజక్షన్లు తీసుకోకండి. కిడ్నీ సమస్య, అల్సర్, బీపీ ఉన్నవాళ్లకు అవి చేటు చేస్తాయి. డాక్టరు రాసిన మందే వాడండి. ఇంకొక మాట. నలభై దాటి షుగరో బీపీయో ఉన్నవాళ్లకు గుండెల కింద నొప్పి, చెమట, ఆయాసం వస్తే రాయి నొప్పే అని కూర్చోకండి. గుండెపోటు కూడా ఇట్లాగే రావచ్చు. ముందు ఈసీజీ తీయించండి.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నొప్పి ఐదారు గంటలైనా వదలకపోవడం, చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆగని వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది రాత్రి రెండు గంటలైనా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. సంచి వాచి చీము పట్టి ఉండొచ్చు. రాయి సంచిలోంచి జారి పసరు గొట్టంలో అడ్డుపడి ఉండొచ్చు. ఆ గొట్టం చివరన క్లోమ గ్రంథి దారి కూడా కలుస్తుంది. అక్కడ అడ్డుపడితే క్లోమం వాస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. కళ్లు పచ్చబడితే మన దగ్గర పసిరికలు అని పసరు మందుకు తీసుకుపోతారు. గొట్టంలో రాయి అడ్డం ఉండి వచ్చిన పసిరికలకు ఆకు పసరుతో పనికాదు, పోయిన రోజులు తిరిగిరావు. అప్పుడు నోట్లోంచి కెమెరా గొట్టం పంపి ఆ రాయిని ముందు తీస్తారు, సంచి ఆపరేషన్ ఆ తర్వాత.

"మామిడి సీజన్ అయినంక చేయించుకుంటా" అనే మాట ఈ మార్కెట్‌లో ఎక్కువ వినబడుతుంది. తప్పు పట్టను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే కూలీతోనే ఏడాదంతా గడిచే ఇళ్లు ఉన్నాయి. కానీ ఆ నిర్ణయం మీ అంతట మీరు తీసుకోకండి. ఒక్కసారే నొప్పి వచ్చింది, జ్వరం లేదు, కామెర్లు లేవు, రక్తపరీక్షలు బాగున్నాయి అంటే డాక్టరు కొన్ని వారాలు ఆగొచ్చు అనవచ్చు. నెలలో మూడుసార్లు వచ్చిందంటే ఆగమనరు. సంచి బాగా వాచాక వెళితే, మొదటి కొద్ది రోజుల్లోనే ఆపరేషన్ చేస్తారు, లేదంటే మందులతో వాపు తగ్గించి సుమారు ఆరు వారాల తర్వాత రమ్మంటారు. వాచిన చోట కత్తి పెట్టడం సర్జన్‌కూ కష్టం, చిన్న రంధ్రాలతో అయ్యేది పెద్ద కోత దాకా పోవచ్చు. అప్పుడు పోయే కూలీ ఎంతో మీరే లెక్కేసుకోండి.

కార్డుతో ఏం జరుగుతుంది

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం చేయించుకునే పరిమితి పెట్టారు. ఆహార భద్రత కార్డు, ఆధార్ ఉంటే చాలు. మీ కార్డు నల్లగొండదైనా నాగర్‌కర్నూల్‌దైనా హైదరాబాద్‌లో చేయించుకోవచ్చు. కార్డులో పేషెంటు పేరు ఉందా, ఆధార్‌లో పేరు, వయసు సరిపోతున్నాయా అన్నది ఇప్పుడే చూసుకోండి. కొత్త కోడలి పేరు ఎక్కించకపోవడం, ఇంటిపేరు తేడా రావడం లాంటి చిన్న విషయాలకే ఆసుపత్రిలో రోజులు పోతాయి. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవారికి ఎన్టీఆర్ వైద్య సేవ వేరే పథకం, వాళ్ల ఆసుపత్రుల జాబితా వేరు.

నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. ముందు అక్కడికే వెళ్లండి. డాక్టరు చూసి, స్కాన్ తీసి, ఆపరేషన్ అవసరం అని రాస్తే ఆసుపత్రివాళ్లు ఆ కాగితాలు ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపుతారు. అనుమతి వచ్చాకే చేర్చుకుని ఆపరేషన్ చేస్తారు. ప్రాణాపాయం ఉంటే ఫోన్ మీద అనుమతి తీసుకునే వీలుంది, కాబట్టి కాగితాలు లేవని పేషెంటును ఇంట్లో ఉంచకండి. కొన్ని ఆపరేషన్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే చేయించుకోవాలన్న నిబంధన ఉంటుంది. 2025లో బకాయిల గొడవతో కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు కొన్నాళ్లు ఆపిన సంగతీ మీకు తెలుసు. అందుకే కూలీ పోగొట్టుకుని బయలుదేరే ముందు 104కు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: పిత్తాశయం ఆపరేషన్ ఈ ఆసుపత్రిలో కార్డు మీద చేస్తున్నారా, ఈ వారం చేర్చుకుంటున్నారా.

బాటసింగారం నుంచి విజయవాడ రోడ్డు మీద పోతే వనస్థలిపురంలో ఏరియా ఆసుపత్రి ఉంది, మొదటి చూపుకు అది దగ్గర. ఇంకా పెద్ద అవసరానికి ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. కాలేయం, పసరు గొట్టం ఆపరేషన్లకు ఆ మూడింటిలో ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. మన పాత గడ్డిఅన్నారం మార్కెట్ స్థలంలోనే టిమ్స్ పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మార్కెట్ ఇటు వచ్చింది, ఆసుపత్రి అటు పోయింది అని కొందరు నవ్వుతారు. రక్తపరీక్షలకు డబ్బు పెట్టకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానాలో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగా చేస్తారు.

అనుమతి వచ్చిన ఆపరేషన్‌కు మందులు, పరీక్షలు, భోజనం, ఇంటికి వెళ్లాక పది రోజుల మందులు అన్నీ ప్యాకేజీలోవే. విడిగా డబ్బు అడిగితే రసీదు అడగండి, ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫిర్యాదు చేయండి. కార్డు పని చేయిస్తానని గేటు దగ్గర పట్టుకునే మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆయన చేసే పని ఏదీ లేదు.

ఆపరేషన్‌కు ముందు

రాళ్లు మాత్రం తీసి సంచిని ఉంచరా అని అడుగుతారు. ఉంచితే అందులో మళ్లీ రాళ్లు పుడతాయి. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి సంచినే తీసేశాడు, అప్పటి నుంచి అదే పద్ధతి. రంధ్రాలతో చేయడం 1985లో జర్మనీలోనే మొదలైంది. ఇప్పుడు పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల గ్యాస్ నింపి, కెమెరాలో చూస్తూ చేస్తారు. సంచి లేకపోయినా కాలేయం పసరు చేస్తూనే ఉంటుంది, నేరుగా పేగులోకి పోతుంది.

చాలామందికి భయం కోతకన్నా మత్తు గురించే. లేవకపోతే ఎట్లా అని. మత్తు ఎంత భద్రమో తేల్చడానికి 1888, 1889లో క్లోరోఫాం మీద పెద్ద పరిశోధనలు జరిగింది మన హైదరాబాద్‌లోనే, నిజాం డబ్బుతో. ఇప్పుడు ఆ మందే వాడరు. మత్తు డాక్టరు ముందురోజే చూసి, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారు. ఆయన అడిగినప్పుడు దాచకండి. బీపీ, షుగర్, ఆస్తమా, ఫిట్స్, పాత ఆపరేషన్లు, గర్భం, ఏ మందు పడదో, రోజూ కల్లో మందో తాగుతారా, బీడీ, ఖైనీ, గుట్కా అలవాటుందా అన్నీ చెప్పండి. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే వాళ్లను బయటికి పంపమని అడగండి. రక్తం పలచబడే మందులు, షుగర్ గోళీలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్తారు. మీరుగా ఆపకండి, మీరుగా వేసుకోకండి. పొగ, గుట్కా మాత్రం తేదీ ఖాయమైన రోజే మానేయండి.

మామూలుగా ఘనాహారం ఆరు గంటల ముందు ఆపమంటారు, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా కొందరు ఒప్పుకుంటారు. మీ డాక్టరు చెప్పిన గంటే లెక్క. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఖాళీ కడుపుతో నీరసపడుతుందని అమ్మమ్మలు దొంగచాటుగా చాయ్ తాగిస్తుంటారు, వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు ఇంట్లోనే తీసి రండి. గోళ్లకు రంగు, గోరింటాకు వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ సరిగ్గా చూపదు. తాళి తీయాలంటే మనసొప్పదని చాలామంది అక్కలు ఏడుస్తారు. పుస్తెలు తీసి ఇంట్లోవాళ్లకిచ్చి, ఉత్త పసుపు దారం ఉంచుకోనిస్తారా అని సిస్టర్‌ను అడగండి.

సంతకం పెట్టే కాగితంలో "అవసరమైతే పొట్ట కోసి చేస్తాం" అని ఉంటుంది. చదివించుకుని పెట్టండి. అది లోపల పరిస్థితి బాగాలేకపోతే ప్రమాదం లేకుండా పూర్తిచేయడానికి.

ఆపరేషన్ తర్వాత

రెండు మూడు రోజులు భుజం నొస్తుంది. లోపల నింపిన గ్యాస్ వల్ల అది, లేచి నడిస్తే తగ్గుతుంది. అంతా బాగుంటే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. పప్పు తింటే చీము పడుతుందని నెల రోజులు చారన్నం పెట్టకండి. పప్పు, గుడ్డు తింటేనే కుట్లు మానతాయి. నూనె వస్తువులు మాత్రం మెల్లగా మొదలుపెట్టండి, కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి. కుర్చీలో చేసే పనికి వారం పది రోజుల్లో పోవచ్చు. పండ్ల ట్రేలు మోసేవాళ్లు, బస్తాలు ఎత్తేవాళ్లు మూడు నుంచి ఆరు వారాలు ఆగాలి, పెద్ద కోత అయితే ఇంకా ఎక్కువ. ఎన్నాళ్లో డాక్టరుతో చీటీ మీద రాయించుకుని మేస్త్రీకి చూపించండి. నోటిమాటకన్నా చీటీ మీద గౌరవం ఎక్కువ.

జ్వరం, కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బి నొప్పి పెరగడం, కుట్ల దగ్గర చీమో పచ్చటి నీరో కారడం కనిపిస్తే అదే ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లోపు ఆపరేషన్ వల్ల వచ్చే ఇబ్బందులు కూడా అదే ప్యాకేజీలో చూడాలి, మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు. తీసిన సంచిని పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు కొన్ని రోజులకు వస్తుంది. చాలామంది తీసుకోవడమే మర్చిపోతారు. కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజు అడిగి తీసుకుని, డాక్టరుకు చూపించి, డిశ్చార్జ్ కాగితంతో కలిపి రేషన్ కార్డు పెట్టే కవర్‌లోనే పెట్టుకోండి.