బడి విడిచి కోర్టు గడపలో



పంతులుద్యోగం వదిలి నల్లకోటు ఎందుకేశారని వాడలో మమ్మల్ని అడగనోళ్లు లేరు. మా బడి పిల్లోడి తండ్రిని కొట్టిన కేసు సాక్ష్యం లేదని కొట్టేశారు. ఆ పిల్లోడికి ఇంకేం పాఠం చెప్తాం? నౌకరీలో ఉంటే వకాలతు చేయనివ్వరు. రాజీనామా ఇచ్చాం. రెండేళ్లయింది. మనోళ్లు కూడా పెద్దకులం ప్లీడరు దగ్గరికే పోతున్నారు.

బాబాసాహెబ్ 1920లో సిడెన్‌హామ్ కాలేజీ కొలువు మాని లండన్ పోయారు. 1923లో బొంబాయిలో ప్రాక్టీసు పెడితే కేసులు సరిగా రాక, బాట్లీబాయ్ సంస్థలో పాఠాలు చెప్పుకున్నారు. మేమూ సాయంత్రం ట్యూషన్లు చెప్తున్నాం. ఇంట్లో తిట్లు వేరే.

1989 అట్రాసిటీ చట్టం కేసులో దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారే చేయాలి. మీ ఊళ్లో ఎస్సై చేస్తుంటే ఎఫ్ఐఆర్ నకలు పట్టుకుని రండి. ఫీజు సంగతి తర్వాత.