త్రాగుడు మానిపించు విద్య
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



త్రాగుడు మానిపించుటకు మన మెఱిగిన యుపాయములు రెండు: ఒట్టు పెట్టించుట, జరిమానా వేయుట. ఒట్టు పెట్టుకొన్నవాడు మూడవనాడే త్రాగును. జరిమానా మాత్రము వాని భార్య తన కూలిడబ్బులనుండి చెల్లించును. కావున చెన్నపురి వాస్తవ్యురాలగు శ్రీమతి శాంతి రంగనాథన్ గారి కృషిని మనవి చేయ దలచితిని.

ఆమె భర్త మద్యవ్యసనము మూలమున 1979లో పిన్నవయస్సుననే కాలధర్మము నొందెను. మఱుసటి సంవత్సరముననే యామె భర్తపేర చెన్నపురియందు చికిత్సాసంస్థను నెలకొల్పెను. 1992లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. అది యటుండనిండు, ఆ వృత్తియందలి పద్ధతి మనకు ముఖ్యము.

వ్యసనము రోగమే గాని కేవలము దుర్గుణము గాదని వారి మతము. చిరకాలము త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు పుట్టును, నిద్ర పట్టదు, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు వచ్చి ప్రాణాపాయము గలుగును. కావున మొదట వైద్యుడు మందిచ్చును. పిమ్మట సలహాదారు రోగితో నేకాంతముగా మాటలాడును. తోడి రోగులతో గూర్చుండబెట్టి మాటలాడించును. భార్యను వేఱుగా బిలిచి, ఆమె యేండ్లతరబడి దాచుకొన్న దుఃఖమును వినును. ఇది మన పంచాయతులలో నెన్నడును జరుగలేదు! మరల త్రాగినవానిని వెడలగొట్టరు. ఏనాడు, ఎవరితో, ఏల త్రాగెనో విచారింతురు.

ఆస్పత్రి దవ్వైన పల్లెలలో శిబిరములును నడపిరి. అయినను కూలివానికి చికిత్సాదినముల వేతనము పోవును. ఆ వేతనమును మన నిధినుండి యిచ్చుటకు కార్యనిర్వాహకవర్గమువారు ఈ సభయందే తీర్మానింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.