ఒరం మీద మొలిచినవి



ఈ సదస్సుకు అధ్యక్షత వహించమని కబురు వచ్చినప్పుడు ఒక్కటే కోరాను, దాన్ని మఠంపల్లిలో పెట్టండని. ఇక్కడ ఒక పక్క కృష్ణ, ఒక పక్క సున్నపురాయి గనులు, నడుమ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వాతావరణ మార్పు గురించి మాట్లాడడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తెలియదు. 2023–24 యాసంగిలో ఈ కాలువ కింద నీళ్ళు లేక మడులు బీడు పడ్డాయి. ఏడాది తిరక్కముందే, 2024 సెప్టెంబరు 1న, అదే కాలువకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర గండి పడి పొలాలు మునిగాయి. ఎండినదీ మునిగినదీ ఒకే ఆయకట్టు, వేసింది ఒకే పంట.

వరి రకాల చరిత్ర మీకు చెప్పనక్కరలేదు. అయినా ఒక్క మాట. మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరే ట్రాక్టర్లలో ఇన్నేళ్ళుగా చూస్తున్న సాంబ మసూరి, బి.పి.టి. 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. దాని వంశం విప్పితే జి.ఇ.బి. 24 కనిపిస్తుంది, తైవాన్ పొట్టి రకం కనిపిస్తుంది, మలేసియా మసూరి కనిపిస్తుంది. మూడు దేశాల రైతులు తరాలుగా కాపాడిన విత్తనం మన కంచంలో ఉంది. వరద నీట పదిహేను రోజులు మునిగినా తేరుకునే స్వర్ణ సబ్–1కు ఆ గుణమిచ్చింది ఒడిశా దేశవాళీ వరి. ఇదంతా విత్తన నిధుల్లో పనిచేసేవారు గర్వంగా చెబుతారు, చెప్పాలి కూడా. కాని చల్లటి గదిలో సీసాలో పెట్టిన గింజ, పెట్టిన నాడు ఎట్లుందో అట్లే ఉంటుంది. బయట ఎండ మారింది, వాన మారింది, పురుగు మారింది. గింజ వాటితో పాటు మారాలంటే పొలంలో ఉండాలి. ఈ మాట అన్నందుకు నన్ను వెనకటి కాలం మనిషి అన్నవారున్నారు. ఈ రోజుకూ ఆ మాట మీదే ఉన్నాను.

ఇక నా సొంత విషయానికి వస్తాను. నా బతుకంతా ఒరం చుట్టూ తిరిగింది. కోస్తా నుంచి వచ్చిన ప్రతినిధుల కోసం చెబుతున్నాను, మెట్ట చేనుకు గెట్టు, వరి మడికి ఒరం. నాటుకు ముందు ఒరాలు చెక్కి, మట్టి మెత్తి, నున్నగా చేస్తాం. ముప్పై ఏళ్ళ కింద ఒక సదస్సులో ఒరం మీద పత్రం చదివితే, ఒక పెద్ద శాస్త్రజ్ఞుడు లేచి, ఎకరానికి రెండు గుంటలు కూడా ఉండని జాగాకు ఇంత పత్రమా అని అడిగారు. సభ నవ్వింది. ఆనాడు నాకు నోట మాట రాలేదు. ఈనాడు చెబుతున్నాను: ఆయకట్టులో నాగలి తగలని నేల అదొక్కటే. కోత అయ్యాక, మడి దున్నాక సాలెపురుగు ఎక్కడికి పోతుంది? ఒరం మీదికే. మళ్ళీ నాటు పడ్డాక మడిలోకి దిగేదీ అక్కడి నుంచే.

సుడిదోమ కథ మనకు అనుభవమే. నాటిన నెలలోపే మందు కొడతాం. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి. చచ్చేది ఆ గుడ్లను తినే మిరిడ్ నల్లి, దోమను తినే సాలెపురుగు. గుడ్లు పగిలేనాటికి మడిలో శత్రువు లేడు. ఇండోనేషియా ప్రభుత్వం ఈ సంగతి గ్రహించి 1986లో వరిపై 57 మందులను నిషేధించింది. థాయిలాండు, చైనా, వియత్నాంలలో ఒరాల మీద నువ్వుల వంటి పూల మొక్కలు పెంచి చూసిన పరిశోధన 2016లో వెలువడింది. పురుగుమందు 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. దోమ గుడ్ల మీద బతికే కందిరీగకు ఆ పూల తేనె ఆహారం. నువ్వులు మనకు కొత్త పంటా? ఆ పరిశోధన ఇక్కడ జరగకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మనం చేసింది ఏమిటి? ఒరాన్ని సన్నగా, ఇంకా సన్నగా చెక్కాం. మిగిలిన గడ్డి మీద కలుపుమందు కొట్టాం. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది, రైతుకు అది అందాల్సిందే. ఒరం మీద కందికి, బొబ్బరకు, ఆముదానికి మాత్రం ఏ లెక్కలోనూ చోటు లేదు. కాలువ ఎండిన యాసంగిలో నేను తిరిగిన పొలాల్లో పచ్చగా కనిపించింది ఒరం మీద నిలబడ్డ కందే. దానికి కాలువ నీళ్ళు అక్కరలేదు, వేరు లోతుకు పోయి తడిని వెతుక్కుంటుంది.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ మహిళా సంఘాలు, పి.వి. సతీష్ గారు, ఒక్క పంటనే నమ్ముకోకూడదన్న ఇదే పాఠం మెట్ట నేలల్లో చేసి చూపారు. 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అది మెట్టకే చెల్లుతుందని ఆయకట్టు శాస్త్రజ్ఞులం పక్కన పెట్టాం. కాని చైనాలోని యునాన్‌లో అగ్గితెగులు తాళలేని వరిని, తెగులును తట్టుకునే వరి సాళ్ళ నడుమ నాటితే తెగులు 94 శాతం తగ్గిందని 2000లో వెలువడిన పరిశోధన చెప్పింది. అది నీటి వరే కదా! మన వాదం అక్కడే ఓడిపోయింది, ఒప్పుకోవలసిన వారు ఒప్పుకోలేదు.

కాలువ రాకముందు మా అమ్మ పొద్దున్నే ఒరాల మీంచి ఒడి నిండా కూర తెచ్చేది. గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, అటికమామిడి. విత్తింది ఏదీ లేదు. ఇలాంటివన్నీ రాసిపెట్టడానికి 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరికీ ఒక రిజిస్టరు ఉండాలి. నేను చూసిన కొన్నింటిలో మర్రి ఉంది, రావి ఉంది, నెమలి ఉంది. అమ్మ తెచ్చిన కూర ఒక్కటీ లేదు. అడవిని రాయడం సులువు. రోజూ తొక్కి నడిచేదాన్ని ఎవరూ వంగి చూడరు.

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ఒరాల మీద నేను రాసుకున్న మూడు నోటు పుస్తకాలు ఈ బల్ల మీద పెడుతున్నాను. పేరు, ఊరు, నెల, ఏ పురుగు వాలింది, ఎవరు చెప్పారు, అన్నీ ఉన్నాయి. సగానికి పైగా పేర్ల ఎదుట శాస్త్రనామం గడి ఖాళీగా ఉంది. చెప్పిన ఆడవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవారిలో ఇద్దరు ఈ ఊళ్ళోనే ఉన్నారు. రేపు తెల్లవారి ఆరింటికి కృష్ణ ఒడ్డు పొలాలకు వాళ్ళతో కలిసి వెళ్తున్నాను. పరిశోధక విద్యార్థులు ఎవరు వస్తారో ఈ సమావేశం అయ్యాక నాకు పేరు ఇవ్వండి.