నార్వే దేశపు ఆరుబయలు



ఉత్తర ధ్రువమునకు చేరువగా నున్న దేశమనగానే మనకు స్ఫురించునవి మంచు, చీకటి. నార్వే విషయమున ఈ తలంపు సగమే నిజము. 69 డిగ్రీల అక్షాంశమునకు పైన ట్రోమ్సో అను పట్టణము కలదు. నవంబరు చివర అస్తమించిన సూర్యుడు అచ్చట జనవరి నడుమ వరకు కనుపించడు. అయినను మధ్యాహ్నవేళ కొన్ని గంటలు ఆకాశము నీలికాంతితో నిండి, మంచుకొండలును ఆ వన్నెనే తాల్చును. మే మూడవ వారము మొదలు రెండు నెలలపాటు సూర్యుడు అసలు అస్తమింపడు. అట్లాంటిక్ సముద్రపు వెచ్చని ప్రవాహము వలన అచ్చటి రేవులు చలికాలమందును గడ్డకట్టవు.

పశ్చిమ తీరమున, పూర్వము హిమానీనదములు తొలిచిన లోయలలోనికి సముద్రము చొచ్చుకొని వచ్చినది. ఇవియే ఫ్యోర్డులు. వానిలో సోగ్నె ఫ్యోర్డు 200 కిలోమీటర్లకు పైగా లోనికి పోవును. దాని లోతు 1,300 మీటర్లు. దేశమున కెల్ల ఎత్తయిన శిఖరము 2,469 మీటర్లు మాత్రమే. హిమాలయములను ఎరిగిన మనకు అదియొక ఎత్తు కాదు. కాని ప్రకృతిని అంకెలతో కొలుచుట నాకంతగా రుచింపదు. నేను చెప్పదలచినది ఆ కొండలకును ఆ జనులకును గల సంబంధమును గూర్చి.

వారి భాషలో ‘ఫ్రీలుఫ్త్స్‌లివ్’ అను మాట కలదు. ఆరుబయటి గాలిలో జీవనమని దాని అర్థము. ఇబ్సెన్ 1859 నాటి కావ్యమున దీనిని వాడెను. 1888లో నాన్సెన్ అయిదుగురు తోడుగా స్కీలపై గ్రీన్‌లాండును దాటినప్పటినుండి అది జాతికి అభిమానవిషయమైనది.

ఇంతకును ఈ ఆరుబయలు ఎవరిది? కొండకును అడవికిని యజమానులు కలరు. అయినను సాగులో లేని భూమిపై ఏడాది పొడుగునను ఎవరైనను కాలినడకను పోవచ్చును. తరతరముల యీ ఆచారము 1957లో శాసనమైనది. సాగుభూమిలో మాత్రము నేల గడ్డకట్టినప్పుడో, మంచు కప్పినప్పుడో నడువవచ్చును. ఏప్రిల్ 30 మొదలు అక్టోబరు 14 వరకు అదియును కూడదు. గుడారమును నివాసగృహమునకు 150 మీటర్ల దూరమున వేయవలెను. ఒకరి కిటికీ యెదుట పొయ్యి పెట్టుకొనుట స్వేచ్ఛ కాదని శాసనకర్తలు ఎరుగుదురు. అడవిపండ్లు కోసికొనవచ్చును. ఉత్తరపు జిల్లాలలో ‘ముల్తె’ అను బంగారువన్నె పండును మాత్రము, యజమాని వలదన్నచో, అక్కడికక్కడ తినవలసినదే గాని కోసికొనిపోరాదు. ఒక చిన్న పండు కొరకు శాసనమున ప్రత్యేకముగా ఒక మాట! దాని రుచి యెట్టిదో ఊహించుకొనుడు.

1868లో స్థాపితమైన పర్యాటక సంఘమునకు 500లకు పైగా కుటీరములు కలవు. పెక్కింటికి కావలివాడు లేడు. సభ్యులకు ఒకే తీరు తాళపుచెవి. లోపల కట్టెలు, పడకలు, కొన్నింట డబ్బాలలో ఆహారము. బాటసారి తాను తిన్నదానిని, పండుకొన్న రాత్రులను తానే వ్రాసి పైకము చెల్లించును. రశీదులు, ప్రతులు, సంతకములు నిత్యకృత్యముగా గల మనకు ఇది విని నవ్వు రావచ్చును. కాని ఏర్పాటు దశాబ్దములుగా నడచుచున్నది.

1967 ఈస్టరు సెలవులలో ఆ కొండలపై 18 మంది మరణించిరి. పిమ్మట పర్యాటక సంఘమును, రెడ్ క్రాస్ వారును కొండనియమములను దేశమంతటను ప్రచారము చేసిరి. సకాలమున వెనుదిరుగుట సిగ్గుచేటు కాదనునది వానిలో నొకటి. శిఖరము కంటి యెదుట నుండగా ఈ నియమమును పాటించుట ఎంత కష్టమో!

ఇక సామీల మాట. రెయిన్‌డీరు మందలను పోషించు ఆదివాసులు వారు. నగరవాసికి విహారస్థలమైన బయలు వారికి మేతభూమి. నడచిపోవు మనిషి జాడను మంచు కప్పివేయును. కట్టడములు అట్లు కావు. ఫోసెన్ ప్రాంతమున 151 గాలిమరలు నిలిపిన పిదప, ఆ అనుమతులు సామీల సంస్కృతి హక్కును భంగపరచినవని 2021 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. తీర్పు వచ్చిన తరువాతను మరలు తిరుగుచునే యుండెను. 2023 ఫిబ్రవరిలో సామీ యువజనులు ఓస్లోలోని మంత్రిత్వశాఖ కార్యాలయమున బైఠాయించిరి. ఆ సంవత్సరము డిసెంబరులోను, 2024 మార్చిలోను రాజీలు కుదిరినవి. మరలు అచ్చటనే యుండును. మందలకు వేరొకచోట శీతకాలపు మేత చూపుటకు ప్రభుత్వము మాట ఇచ్చినది.